ఇక్కడ్లేదు మావయ్య

అమ్మడి మేనమామకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏదైనా చెడిపోతే, అది చెడిపోయిన చోటు తప్ప ప్రపంచంలో మిగతా చోట్లన్నీ వెతుకుతాడు.

కొళాయి కారుతోందని అత్తయ్య పిలిస్తే మావయ్య కొళాయి వైపు కన్నెత్తి కూడా చూడడు. "గొడవ ఇక్కడ లేదు" అంటాడు. అని మేడెక్కి ట్యాంకు మూత తీసి చూస్తాడు. అక్కడినుంచి పిట్టగోడ మీదుగా వంగి పక్కింటివాళ్ల పైపులు చూస్తాడు. పక్కింటావిడ బయటికొచ్చి "ఏం కావాలన్నయ్యగారూ?" అంటే "మా కొళాయి కారుతోందమ్మా" అంటాడు. ఆవిడకి ఏం చెయ్యాలో తోచక మంచినీళ్లిస్తుంది. అవి తాగి ఆయన కిందికి దిగేసరికి అత్తయ్య కొళాయికి గుడ్డ చుట్టి, కింద బకెట్టు పెట్టి, ఆ నీళ్లతో ఇల్లంతా తుడవడం కూడా పూర్తి చేసి ఉంటుంది.

ఒక రోజు కూర మాడింది. అత్తయ్య అసలే చిరాగ్గా ఉంది. మాడిన గిన్నె పట్టుకుని, ఎవరైనా ఒక్క మాటంటే చాలు అన్నట్టు నిలబడింది. మావయ్య లోపలికొచ్చి గాలి పీల్చి, "గొడవ ఇక్కడ లేదు" అన్నాడు. స్క్రూడ్రైవర్ తీసుకుని వెళ్లి వీధి తలుపు కాలింగ్ బెల్ విప్పడం మొదలుపెట్టాడు.

"కూర మాడితే బెల్లు విప్పుతారేంటండీ?"

"కూరెందుకు మాడింది?"

"నేను పొయ్యి దగ్గర లేక."

"ఎందుకు లేవు?"

"ఎవరో తలుపు బాదుతుంటే చూడ్డానికెళ్లాను."

"బెల్లుండగా తలుపెందుకు బాదాలి? బెల్లు మోగట్లేదు కాబట్టి. అదే మోగుంటే నువ్వు నింపాదిగా స్టవ్ ఆపి వెళ్లేదానివి. దబదబా బాదేసరికి కంగారుపడి పరిగెత్తావు. కూర మాడబెట్టింది నువ్వు కాదోయ్, ఇదీ" అని విప్పిన బెల్లు చేతిలో పెట్టుకుని చూపించాడు.

అత్తయ్య ఆ బెల్లు వంక చూసింది, గిన్నె వంక చూసింది. "అయితే ఈ పూటకి అదే తినండి" అంది. కానీ అలా అంటున్నప్పుడు ఆవిడ మొహంలో చిరాకు లేదు. అమ్మడు ఆ రోజు ఆ సంగతి గమనించలేదు. ఇరవై ఏళ్లొచ్చినా మనుషులు కొన్ని సంగతులు గమనించరు.

ఈ ఒక్క మాట వల్ల వీధిలో ఆయన పేరు ఎప్పుడో మరుగున పడిపోయింది. అందరికీ ఆయన ఇక్కడ్లేదు మావయ్య. వరసకి ఆయన్ని బాబాయి అనో అన్నయ్య అనో పిలవాల్సినవాళ్లు కూడా ఇక్కడ్లేదు మావయ్యనే అంటారు. పోస్టు తెచ్చే అతను సైతం గుమ్మంలో నిలబడి, "ఇక్కడ్లేదుగారు ఉన్నారాండీ?" అని అడుగుతాడు.

మావయ్య పని కుట్టుమిషన్ల రిపేరు. ఇంటి ముందు గదే కొట్టు. ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు. కుర్రతనంలో ఎవరో పారేసిన మిషను తెచ్చి, విప్పి, బిగించి, మళ్లీ విప్పి, మిగిలిపోయిన మరలు ఎక్కడివో తెలిసేదాకా అన్నం సహించక నేర్చుకున్నది. ఆయన జబ్బంతా ఆ మిషన్ల నుంచి అంటుకున్నదే.

"దారం తెగేదెక్కడ? సూది దగ్గర. అందరూ సూదినే తిడతారు" అంటాడు. "కానీ సూదేం చేస్తుంది పాపం? పైన రీలు బిగుసుకుపోయుంటుంది, కింద బాబిన్ మీద దారం వంకరగా చుట్టుంటుంది. ఆ లాగులాటంతా వచ్చి సూది దగ్గర బయటపడుతుంది. బయటపడ్డ చోటుని తిడితే సరా?"

ఒక దర్జీ వచ్చి, తన భార్య తొక్కినప్పుడల్లా దారం తెగుతోందనీ, ఆవిడ కాలు మహా బరువనీ మొరపెట్టుకున్నాడు. ఆ భార్య పక్కనే నిలబడి నేల చూపులు చూస్తోంది. మావయ్య మిషను తెమ్మనకుండా తనే వాళ్లింటికి బయల్దేరాడు. గంట తర్వాత తిరిగొచ్చి, "రీలు కిటికీలో ఎండకి మాడుతోంది, దారం పెళుసెక్కింది. మిషన్ని నీడకి జరిపాం" అన్నాడు. ఆ దర్జీ భార్య తర్వాత ఎప్పుడు ఆ వీధిలో వెళ్లినా కొట్టు ముందు ఆగి, కాలు నేలకేసి గట్టిగా కొట్టి, నవ్వి వెళ్లేది.

అమ్మడికీ ఆ కొట్టుతో ఒక పాత కథ ఉంది. చిన్నప్పుడు సెలవులకి వచ్చినప్పుడు, బొమ్మకి బెల్టు కుడదామన్న గొప్ప ఆలోచన వచ్చింది. మావయ్య తోలు బెల్టు తెచ్చి, రిపేరయి సిద్ధంగా ఉన్న ఎవరిదో మిషన్లో పెట్టి తిప్పింది. టప్పుమని సూది విరిగింది. అదే సమయానికి మిషను సొంతదారు గుమ్మంలో అడుగుపెట్టాడు. అమ్మడు బెల్టుని బీరువా వెనక్కి తోసేసి బొమ్మలా నిలబడింది.

"ఇదేనా బాగుచెయ్యడం? అప్పుడే సూది విరిగింది!" అని ఆయన అరిచాడు.

మావయ్య విరిగిన సూది చూశాడు, అమ్మడి మొహం చూశాడు. "గొడవ ఇక్కడ లేదండీ" అని బల్ల కిందికి దూరాడు. "ఈ బల్ల ఊగుతోంది. ఊగితే సూది విరక్కేం చేస్తుంది?" అని దారాల పెట్టె అట్ట చింపి, మడిచి, బల్ల కాలి కింద పెట్టాడు. కొత్త సూది వేసి ఇచ్చి పంపాడు. అమ్మడు గుండె నిండా గాలి పీల్చుకుంది. బల్లే కారణమని తనూ నమ్మేసింది. ఆ సాయంత్రం మావయ్య ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని తిరిగాడు. బెల్టేదండీ అని అత్తయ్య అడిగితే కనపడట్లేదన్నాడు. ప్రపంచమంతా వెతికే మనిషి ఆ బీరువా వెనక మాత్రం వెతకలేదు.

ఆ బల్ల సంగతి కూడా చెప్పాలి. అట్ట పెట్టాక కూడా అది ఊగుతూనే ఉంది. దాని మీద ఎప్పుడు టీ పెట్టినా సగం సాసర్లో, పావు బల్ల మీద, మిగిలింది మావయ్య నోట్లో. "ఊళ్లో మిషన్లన్నీ బాగుచేస్తారు, ఎదురుగా ఉన్న బల్ల మాత్రం చూడరు" అని అత్తయ్య రోజూ అంటుంది. "గొడవ బల్లలో లేదోయ్" అని మావయ్య రోజూ అంటాడు.

చదువు కోసం మావయ్యగారింటికి వచ్చిన అమ్మడు ఉద్యోగం దొరికాక అక్కడే ఉండిపోయింది. ఉద్యోగం కంటి ఆసుపత్రిలో, ముందు కౌంటర్లో. చిన్నప్పట్నుంచీ నలుగురితో మాట్లాడకపోతే పూట గడవని పిల్ల కాబట్టి ఆ కుర్చీ తనకోసమే చేయించారనుకునేది. కొన్నాళ్లపాటు అలాగే గడిచింది. తర్వాత జనం పెరిగారు. పదకొండయ్యేసరికి కౌంటర్ ముందు తల మీద తల. ఏ గదండీ, నా వంతెప్పుడమ్మా, డాక్టరుగారొచ్చారా, ఇటా అటా. మొహాలు చూసే తీరిక పోయింది. అద్దం కింద సందులోంచి వచ్చే చేతులు మాత్రమే కనపడేవి. చేతులకి జవాబు చెప్పీ చెప్పీ అమ్మడి గొంతులో తీపి తగ్గింది.

ఒకనాడు మేనేజరు పిలిచాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఆయనకున్నది పొదుపు పిచ్చి. కాగితం వృథా కాకూడదని రోగులకిచ్చే చీటీలు గోరంత చేయించాడు. వాటి మీద అక్షరాలు చీమ కాళ్లంత.

"అమ్మాయ్, కౌంటర్లో కసురుతున్నారని రోజూ ఫిర్యాదులు. నాకూ పై నుంచి ఒత్తిడి ఉంది. సోమవారం నుంచి నువ్వు కింద స్టోర్లో కూర్చో. కళ్లజోళ్ల పెట్టెలు సర్దుకోవచ్చు, అక్కడ నిన్నెవరూ విసిగించరు."

ఎవరూ విసిగించని చోటు! అమ్మడికి ఏడుపొచ్చినంత పనైంది. పెట్టెలు గుడ్ మార్నింగ్ చెప్పవు, మనవరాలి ఫొటో చూపించవు, నీ జడ బాగుందమ్మా అనవు.

రాత్రి భోజనాల దగ్గర ఆ మాట చెప్పేసరికి అత్తయ్య గరిటె ఎత్తింది. "మానెయ్యవే ఆ ఉద్యోగం! పెట్టెలు సర్దడానికా నిన్ను అంత చదివించింది?"

మావయ్య ముద్ద మింగి, "గొడవ అక్కడ లేదు" అన్నాడు.

"ఎక్కడ?"

"కౌంటర్లో."

"చూడకుండానే ఎలా చెప్తావు మావయ్యా?"

"చూసినా అదే చెప్తాగా."

మర్నాడు పొద్దున కొట్టుకి తాళం వేసి ఆసుపత్రికి వచ్చాడు. వచ్చి లోపల అడుగు పెట్టలేదు. గేటు దగ్గర ఆసుపత్రికి వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. వాచ్‌మన్ వచ్చి, "ఆసుపత్రి అటుందండీ" అన్నాడు.

"తెలుసు. గొడవ అటు లేదు."

కాసేపటికి బస్సొచ్చి ఆగింది. జనం బిలబిలా దిగి గేట్లో పడ్డారు. మావయ్య మొహం వెలిగిపోయింది. అదే బస్సెక్కి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం అమ్మడు డబ్బా విప్పే వేళకి చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు.

"దొరికిందమ్మా! మీ రోగులంతా ఒకే బస్సులో వస్తున్నారు. ముందు రావాల్సిన బస్సు సిగ్నల్ దగ్గర ఇరుక్కుంటోంది."

"సిగ్నల్ దగ్గర ఎందుకు ఇరుక్కుంటోంది?"

"పక్కన స్కూలు గేటు."

"స్కూలు గేటుకేమైంది?"

"పిల్లలు ఆలస్యంగా వచ్చి ఒకేసారి తోసుకుంటున్నారు. వాళ్లమ్మలు నిద్ర లేపడం లేటవుతోంది."

అమ్మడు చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "అంటే నా ఉద్యోగం నిలబడాలంటే ఊళ్లో అమ్మలందరూ పెందలాడే లేవాలా?"

మావయ్య కాస్త ఆలోచించాడు. "కొంచెం దూరం వెళ్లినట్టున్నాను" అని ఒప్పుకున్నాడు. "అయినా ఒక అమ్మతో మాట్లాడాను. రేపట్నుంచి లేస్తానంది."

రెండో రోజు లోపలికొచ్చాడు. వాచ్‌మన్ని అప్పటికే మంచి చేసుకున్నాడు కాబట్టి, ఇద్దరూ కలిసి తాడు కట్టి వరుసని రెండు చేశారు. కొత్తగా వచ్చినవాళ్లు ఇటు, పాతవాళ్లు అటు. పాతవాళ్లు కౌంటర్ దాకా రానక్కర్లేదు, నేరుగా కళ్లలో మందు చుక్కలు వేసే గదికి వెళ్లిపోవచ్చు. గంటలో కౌంటర్ ఖాళీ అయింది. అమ్మడు ఒక ముసలాయనతో ఆయన కుక్క ఆరోగ్యం గురించి కూడా మాట్లాడింది. అద్దంలోంచి మావయ్య వైపు బొటనవేలు ఎత్తి చూపించింది. మావయ్య కాలరు సర్దుకున్నాడు.

అంతలో లోపల్నుంచి పెద్ద నర్సు గొంతు వినపడింది. చుక్కల గది ఆవిడది. ఇరవయ్యేళ్లుగా ఊరివాళ్ల కళ్లలో మందు పోస్తున్న మనిషి, ఆవిడ పిలిస్తే గోడలు కూడా తలెత్తుతాయి.

"ఎవరమ్మా ఈ జాతరంతా నా మీదికి తోలింది?"

జనం ఎక్కడికీ పోలేదు. కౌంటర్ ముందు నుంచి ఆవిడ గది ముందుకి జరిగారు, అంతే. పరుపులో ఒకచోట ఉబ్బు నొక్కితే దూది ఇంకోచోట లేచినట్టు. మావయ్య కంటి బొమ్మ వేసిన పెద్ద చార్టు వెనక దాక్కున్నాడు. అంత పెద్ద కంటి కింద నుంచి రెండు చెప్పులు కనపడుతున్నాయని ఆయనకి తెలీదు. నర్సు వచ్చి ఆ చెప్పుల్నే అడిగింది.

"తాడు కట్టింది తమరేనా?"

"అవునండీ. కానీ గొడవ..."

"ఇక్కడే ఉంది! మీరే!"

జీవితంలో మావయ్యతో ఆ మాట అన్నది ఆవిడొక్కతే. సాయంత్రానికి మందు వేయించుకున్న జనమంతా మళ్లీ కౌంటర్ మీదికే వచ్చి పడ్డారు, ఈసారి విసుగుతో కలిపి. మేనేజరు అమ్మడితో, "నిన్నటిదాకా ఫిర్యాదులు నీ మీదే వచ్చేవి. ఇవాళ నర్సు మీద కూడా వచ్చాయి. ఏం జరుగుతోంది?" అన్నాడు. జేబులోంచి మడిచిన కాగితం సగం తీసి చూపించి, "ఆర్డరు టైపు చేయించేశాను" అని లోపల పెట్టుకున్నాడు.

ఆ రాత్రి మావయ్య టీ తాగుతూ, ఊగే బల్ల మీద చెయ్యేసి ఊపుతూ కూర్చున్నాడు. చివరికి, "మిషను పక్కన నిలబడి చూస్తే తెలీదు. దారం ఎటు పోతుందో దారమే అయి పోవాలి" అన్నాడు.

"అంటే?" అంది అత్తయ్య.

"రేపు నా కళ్లు చూపించుకుంటా."

"మీ కళ్లకేమైంది?"

"ఏమీ కాలేదు. అదే మంచిది. ఏం తేడా వచ్చినా వాళ్ల వల్లే వచ్చిందని తెలుస్తుంది."

మూడో రోజు ఆయన మామూలు రోగిలా వరుసలో నిలబడి లోపలికి వెళ్లాడు. అమ్మడికి ఆయన్ని చూసే తీరిక లేదు. పదకొండు దాటింది. అద్దం కింద నుంచి చేతులు వస్తున్నాయి, పోతున్నాయి. ఒక చెయ్యి చీటీని ముందుకి తోసింది. వెనక ఎవరో పిల్లాడు ఏడుస్తున్నాడు, ఫోను మోగుతోంది.

"అమ్మా, ఇది ఏ గది?"

అమ్మడు తలెత్తలేదు. "చీటీ మీద రాసుంది కదండీ! ఆ మాత్రం చదువుకోలేరా? తర్వాతివాళ్లు రండి!"

"సరేనమ్మా" అంది ఆ గొంతు. చెయ్యి చీటీని వెనక్కి తీసుకుని వెళ్లిపోయింది.

పావుగంట తర్వాత మేనేజరు గది నుంచి అమ్మడికి కబురొచ్చింది. వెళ్లి చూస్తే మావయ్య ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చుని, గడ్డం పైకెత్తి, కళ్లు ఇంతింత చేసుకుని ఉన్నాడు.

"చూడండి డాక్టరుగారూ, కుడి కన్ను ముందు" అంటున్నాడు.

"నేను డాక్టర్ని కాదని చెప్తున్నానా? ఇది మేనేజరు గది! బయట బోర్డుంది!"

"ఉందండీ. తెల్లగా ఉంది. మీద చీమలు పాకుతున్నాయి."

మేనేజరు అమ్మడి వైపు తిరిగాడు. "ఎవరీయన?"

"మా మావయ్యండీ" అంది అమ్మడు నీరసంగా.

"అమ్మడూ, నువ్వా? ఎటున్నావు?" అని మావయ్య తలుపు పక్కనున్న బట్టల స్టాండు వైపు చెయ్యి చాచాడు. "ఏవండీ, ఇక్కడ గొప్ప సంగతి తెలిసింది నాకు. మందు వేశారు. కళ్లు మసకలైపోయాయి. వెంటనే చేతిలో చీటీ పెట్టి ఈ గదికి వెళ్లమన్నారు. ఏ గదికి? చీటీలో ఉందిట! మీరు కళ్లు తీసేసుకుని కాగితం చేతిలో పెడుతున్నారండీ!"

మేనేజరు, "కౌంటర్లో అడగొచ్చుగా?" అన్నాడు.

"అడిగానండీ."

"అడిగితే?" మేనేజరు ముందుకి వంగాడు. "అక్కడి మనిషి ఏమంది? కసిరిందా?"

చీటీ పట్టుకున్న మావయ్య చెయ్యి బల్ల మీద ఉంది. అమ్మడు అప్పుడు చూసింది. గోళ్ల అంచుల్లో మిషను నూనె నలుపు, బొటనవేలి మీద ఎప్పుడో సూది దిగిన గీత. ఇందాక అద్దం కింద నుంచి వచ్చిన చెయ్యి. అయిపోయింది, స్టోర్లో పెట్టెలే గతి అనుకుంది.

"లేదండీ" అన్నాడు మావయ్య. "గొడవ అక్కడ లేదు. పొద్దున్నించీ నాలాంటి గుడ్డివాళ్లంతా వచ్చి ఆ పిల్లని ఒకే ప్రశ్న అడుగుతున్నాం. మీకు నమ్మకం లేకపోతే ఒక్క చుక్క వేయించుకుని చూడండి."

మేనేజరు పొదుపరి కానీ మొండివాడు కాదు. కంటి ఆసుపత్రిలో ఇన్నేళ్లు పనిచేస్తూ తన కళ్లు ఒక్కసారీ చూపించుకోలేదన్న సంగతి ఆయనకి అప్పుడే తట్టింది. లేచి చుక్కల గదికి నడిచాడు. పెద్ద నర్సు ఆయన్ని చూసి కుర్చీ తుడిచి మరీ కూర్చోబెట్టింది. ఆయన సంతకం కోసం తను ఎన్నిసార్లు గుమ్మంలో నిలబడిందో అన్నీ గుర్తొచ్చినట్టున్నాయి, "కదలకండి సార్" అని ఎంతో ప్రేమగా పోసింది. చేతిలో చీటీ పెట్టి, "అందులో ఉన్న గదికి వెళ్లండి" అంది.

తర్వాత జరిగింది ఆసుపత్రి అంతా చూసింది. మేనేజరు గోడ పట్టుకుని బయల్దేరాడు. కొక్కేనికి వేలాడుతున్న తెల్లకోటుకి "నమస్కారం డాక్టరుగారూ" అన్నాడు. స్టోర్ వైపు మెట్ల దగ్గర వాచ్‌మన్ పట్టుకుని వెనక్కి తిప్పాడు. చిట్టచివరికి ఆయన కాళ్లు ఆయన్ని ఎక్కడికి తీసుకెళ్లాలో అక్కడికే తీసుకెళ్లాయి. జనం మధ్యలోంచి ఆయన చెయ్యి అద్దం కిందికి వచ్చింది.

"అమ్మా, ఇది ఏ గది?"

వరుసలో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. అమ్మడు ఈసారి తలెత్తింది. మేనేజరు కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఆయన వెనక నిలబడ్డవాళ్లలో సగం మందికీ అలాగే కారుతున్నాయి. ఇన్నాళ్లూ చేతుల వెనక ఈ కళ్లున్నాయన్నమాట.

"చీటీ ఇవ్వండి సార్, చూసి చెప్తాను" అంది.

మేనేజరు జేబులో తడిమి ఒక కాగితం ఇచ్చాడు. అమ్మడు విప్పి చూసి ఆగిపోయింది.

"చదువమ్మా. గట్టిగా చదువు, నాకేం కనపడట్లేదు."

"సోమవారం నుంచి కౌంటర్లో పనిచేసే అమ్మాయిని స్టోర్‌కి మార్చడమైనది. కారణం, రోగుల ప్రశ్నలకు ఓపికగా..."

"అది కాదు, అది కాదు!" మేనేజరు కంగారుగా చేతులూపాడు. వరుసలో ఒకావిడ, "అదేంటయ్యా, పాపం ఓపిగ్గానే చదువుతోందిగా!" అంది. మేనేజరు కళ్లు తుడుచుకుని, "ఆ కాగితం నీ దగ్గరే ఉంచమ్మా. నాకు చూపొచ్చాక చూద్దాం" అన్నాడు.

సాయంత్రం అమ్మడు, మావయ్య, నర్సు, మేనేజరు నలుగురూ మేనేజరు గదిలో కూర్చున్నారు. ఇద్దరికి ఇంకా సరిగ్గా కనపడట్లేదు. మావయ్య, స్టోర్ మెట్లు పడగొట్టి అటుపక్క కడితే బాగుంటుందన్నాడు. మేనేజరు గుండె పట్టుకున్నాడు. నర్సు, అక్షరాలు పెద్దవి చేస్తే చాలంది. ఎంత పెద్దవి చెయ్యాలంటే చీటీ దుప్పటంత కావాలని తేలింది. మేనేజరు మళ్లీ గుండె పట్టుకున్నాడు.

అప్పుడు అమ్మడు నెమ్మదిగా అంది. "కళ్లు కనపడనివాళ్లని నడిపిస్తున్నాం సార్. కళ్లు బాగున్న మనం కూర్చునుంటున్నాం. తిరగేస్తే పోలా?"

మావయ్య మేనకోడలు ఎటుందో తెలియక, నర్సు వైపు తిరిగి గర్వంగా తలూపాడు.

మర్నాడు చుక్కల గది బయట కుర్చీలు వరుసగా వేశారు. మందు వేయించుకున్నవాళ్లు అక్కడే కూర్చుంటారు, కదలక్కర్లేదు. వాళ్ల వంతు వచ్చినప్పుడు డాక్టరు గది నుంచే ఒకరొచ్చి పేరు పిలిచి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు. మధ్యాహ్నానికి కౌంటర్ ముందు నేల కనపడింది. అందరి గొడవలూ తీరిపోయాయని కాదు. ఒకే పేరున్న ఇద్దరు పెద్దమనుషులు ఒకేసారి లేచి ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకుని వెళ్లిపోయారు. కుర్చీలు చాలక, మేనేజరు గదిలోవి కూడా తెచ్చేశారు. అమ్మడు సంతకం కోసం వెళ్తే పాపం ఆయన నిలబడి పని చేసుకుంటున్నాడు. స్టోర్ మాట ఎత్తలేదు. అమ్మడే గుర్తు చేసి ఆర్డరు తిరిగివ్వబోతే, "ఏ కాగితం? నాకింకా చూపు సరిగ్గా రాలేదమ్మా" అన్నాడు.

సోమవారం సాయంత్రం అమ్మడు కౌంటర్లో పని ముగించుకుని, ఆ ఆర్డరు సంచిలో వేసుకుని ఇంటికొచ్చింది. మావయ్య కొట్లో ఏదో మిషన్లో బాబిన్ తిరిగే షటిల్ ఊడదీసి తుడుస్తున్నాడు. కాగితానికి అమ్మడు ఒక మంచి ఉపయోగం ఆలోచించింది. నాలుగు మడతలు పెట్టి, "మావయ్యా, ఈ బల్ల ఊగుడు ఇవాళ్టితో సరి" అని కాలి కింద పెట్టడానికి వంగింది.

అక్కడ ఖాళీ లేదు. పాత అట్ట ఉంది. నలిగి, నూనె పట్టి, దారాల కంపెనీ అక్షరాలు చెరిగిపోయి ఉంది. అమ్మడు దాన్ని బయటికి లాగింది. బల్ల మీద చెయ్యి వేసి ఊపింది. బల్ల కదల్లేదు. ఇంకో మూల నొక్కింది. బండలా ఉంది. అట్ట మళ్లీ పెట్టింది. ఊగింది. తీసింది. ఆగింది.

అమ్మడు కింద కూర్చునే మావయ్య వైపు చూసింది. "మావయ్యా, ఈ బల్ల అసలు ఎప్పుడూ ఊగలేదు కదా?"

మావయ్య షటిల్‌ని దీపానికి ఎత్తి చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

"ఆ రోజు సూది ఎందుకు విరిగింది?"

"సూదులన్నాక విరుగుతుంటాయమ్మా."

"మావయ్యా!"

"తోలుకి ఆ సూది పనికిరాదమ్మా" అన్నాడు మావయ్య షటిల్ మీంచి చూపు తిప్పకుండా. "లావుది వెయ్యాలి. కుట్టు కూడా దూరం పెట్టుకోవాలి."

అమ్మడికి నవ్వాగలేదు. "మరి మొన్న కౌంటర్లో నిన్ను కసిరింది కూడా..."

"నాకా రోజు ఏం కనపళ్లేదుగా. ఎవరు కసిరారో ఏమో."

"వినపడిందిగా!"

"చెవుల్లో కూడా మందు పోసిందనుకుంటా ఆ నర్సు."

"సరే. మరి ఇన్నేళ్లూ ఈ అట్ట ఎందుకు తియ్యలేదు? రోజూ టీ ఒలకబోసుకుంటూ, రోజూ అత్తయ్యతో తిట్లు తింటూ?"

మావయ్య షటిల్ పక్కన పెట్టి, మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. "తీస్తే గొడవ ఎక్కడుందో తెలిసిపోదూ?"

అమ్మడు ఆ అట్టని జాగ్రత్తగా, పాత మడతల మీదే మడిచి, ఎక్కడిదక్కడ కాలి కింద పెట్టేసింది.

అత్తయ్య టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. సగం సాసర్లోకి, పావు బల్ల మీదికి వచ్చింది.

"ఇదిగో, మళ్లీ! ఎవరు కదిపారు బల్లని?"

మావయ్య నోరు తెరవబోయాడు. అమ్మడే ముందు లేచింది. చేతిలో ఉన్న ఆర్డరు కాగితంతో ఒలికిన టీ శుభ్రంగా తుడిచి, గోడకున్న స్క్రూడ్రైవర్ అందుకుంది.

"గొడవ ఇక్కడ లేదత్తయ్యా" అని కాలింగ్ బెల్ విప్పడానికి వీధి తలుపు వైపు నడిచింది.